ముప్పై నాలుగు ఫ్రేములు

కాదు, ముప్పై నాలుగు దానంతట అది రాదు. డెబ్బై ఒకటి కాస్తా ముప్పై నాలుగు కావాలంటే నడుమ ఎవరిదో చెయ్యి పడి ఉండాలి, చెయ్యి పడకుండా ఇంట్లో ఏ వస్తువూ సగమైపోదు అనుకుంటూ మునీంద్ర ఆటలోని తన ఎర్ర కారును మలుపు దగ్గరే ఆపేశాడు. వెనకాల వస్తున్న కార్లు ఒక్కొక్కటే అతన్ని దాటి కొండవాలులోకి దిగిపోయాయి. అతను వాటిని చూడలేదు. తెర మీద ఎడమవైపు పైమూల పచ్చగా మెరుస్తున్న అంకెను చూస్తున్నాడు. ముప్పై నాలుగు. ముప్పై మూడు. మళ్ళీ ముప్పై నాలుగు.

కంప్యూటరు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసి చూపిస్తోందో చెప్పే అంకె అది. ఫ్రేములంటారు. డెబ్బై గీస్తే రోడ్డు నీళ్ళలా జారుతుంది. ముప్పైకి పడితే మెట్లు మెట్లుగా వస్తుంది. చెయ్యి తిప్పాక రవ్వంత ఆగి కారు తిరుగుతుంది. ఆ రవ్వంత మిగతావాళ్ళకు కనబడకపోవచ్చు, మునీంద్రకు కనబడుతుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి, బొమ్మనహళ్ళిలోని గార్మెంట్స్‌లో పొద్దంతా ఎవరో ఇచ్చిన కొలతలకు చేతులాడించి ఇంటికొచ్చేవాడు. సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర దాకా ఈ కుర్చీలో కూర్చున్నప్పుడే అతనికి అనుకున్నదీ జరిగినదీ ఒకటిగా ఉండేవి. ఇప్పుడు ఆ రెంటి మధ్యా ఎవడో వచ్చి కూర్చున్నాడు.

ఎవడో ఏమిటి, దర్శన్.

దర్శన్ సుమకు తమ్ముడు. విజయదశమి వెళ్ళిన రెండో రోజు చింతామణి నుంచి ఒక సంచీతో దిగాడు. జిగణిలో ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. రూము దొరికేదాకా అక్కా బావల ఇంట్లో, ముందు గదిలో, కంప్యూటరు బల్ల పక్కనే చాప వేసుకుని పడుకునే ఏర్పాటు. ఆ ఏర్పాటు చేసింది మునీంద్రే. అది కూడా ఇప్పుడతనికి ఎవరో తనచేత చేయించినట్టు అనిపిస్తోంది.

వచ్చిన రోజు కాఫీ తాగుతూ దర్శన్ అడిగాడు. "దీంట్లో ర్యామ్ ఎంత ఉండాది బావా?"

"పదహారు."

"ఎనిమిదివి రెండా, పదహారుది ఒకటేనా?"

కంప్యూటరు పని చేస్తున్నంతసేపూ కావలసినదాన్ని చేతికందేలా పెట్టుకునే చోటు ర్యామ్, పదహారంటే పదహారు జీబీ; బోర్డులో గుచ్చే సన్నని స్టిక్కులుగా వస్తుంది. అప్పుడు మునీంద్ర ఏమీ అనుకోలేదు. "రెండు" అని చెప్పి చొక్కా మార్చుకోవడానికి లేచిపోయాడు. తర్వాత అనుకున్నాడు. తర్వాత రోజూ అనుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టం బీరువా బాగుంది అంటాడు, బీరువాకు తాళాలు రెండా ఒకటా అని అడుగుతాడా?

పండగ తర్వాత పది రోజులు ఎగుమతి ఆర్డరు తొందరలో మునీంద్ర కంప్యూటరు ముందు కూర్చోలేదు. పదకొండో రోజు కూర్చున్నాడు. మొదటి మలుపులోనే కారు గోడకు గుద్దుకుంది. మూలన ముప్పై నాలుగు. తను కూర్చోకుండా ఉన్న ఆ పది రోజుల్లో ఇంటికి కొత్తగా వచ్చింది ఒక్క మనిషి. ఆ మనిషి సంచి పక్క అరలో చిన్న చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె ఒకటి ఉంది. మునీంద్ర దాన్ని వెతికి చూడలేదు. సంచి జిప్పు తెరిచి ఉంటే కనబడింది. తెరిచి ఉంచడం కూడా ఒక తెలివే కావచ్చు.

కంప్యూటరును అడిగితే ర్యామ్ పదహారు ఉందనే చెప్పింది. మొదటి రోజు ఆ మాటతో కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. రెండో రోజుకు ఆ పదహారే భయపెట్టింది. మామూలు దొంగ ఒకటి ఎత్తుకుపోతాడు, పదహారు ఎనిమిదవుతుంది, దొరికిపోతాడు. వీడు మామూలువాడు కాదు. అంతే కొలతవి నాసిరకానివి తెచ్చి పెట్టి, మంచివి తీసుకున్నాడు. అదే తెర మీద ఇంకో వరస కింద ర్యామ్ వేగం కనబడింది. రెండు వేల నూట ముప్పై మూడు. కంప్యూటరు కొన్నప్పటి బిల్లు తీసి చూశాడు. బిల్లులో మూడు వేల రెండు వందలు.

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకున్నాడు. ఒంట్లో ఎక్కడో ఒక సంతోషం కదిలింది. అనుమానం నిజమైనప్పుడు కలిగే సంతోషం. అది మంచిది కాదని అతనికి తెలుసు. ఏడో తరగతిలో అతని పెన్ను ఒకటి పోయింది. పక్క బెంచీ పిల్లవాడితో నెల రోజులు మాట్లాడలేదు. చివరికి పెన్ను తన సంచి అడుగున చిరుగులోనే దొరికింది. అయినా మునీంద్ర ఆ పిల్లవాడితో మాట్లాడలేదు. వాడే తెచ్చి ఆ చిరుగులో పెట్టి ఉంటాడు అనుకున్నాడు. ఇప్పటికీ, పెద్దవాడయ్యాక కూడా, ఆ పిల్లవాడి ముఖం గుర్తొస్తే మనసులో మొదట కదిలేది సిగ్గు కాదు, ఆ పాత అనుమానమే.

మంగళవారం పొద్దున పనికి పోయేముందు కంప్యూటరు క్యాబినెట్ పక్కరేకు అంచు మీద అడ్డంగా ఒక బూడిదరంగు దారం పెట్టి, రెండు చివరలా టేపు అంటించాడు. గార్మెంట్స్ నుంచి తెచ్చిన కుట్టుదారం, వెంట్రుకంత సన్నం. రేకు ఎవరైనా తెరిస్తే దారం ఊడుతుంది. బుధవారం సాయంత్రం వచ్చి చూశాడు. దారం ఉంది. వంగి, కళ్ళు దగ్గర పెట్టి మళ్ళీ చూశాడు. టేపు అంచు నున్నగా, గీత గీసినట్టు తెగి ఉంది. మునీంద్ర టేపును ఎప్పుడూ పళ్ళతో తుంచుతాడు. తన టేపుకు రంపపు పళ్ళలా అంచు ఉండాలి. ఇది కత్తెరతో కోసింది.

ఆ సాయంత్రం పక్కపక్కన కూర్చుని రాగిముద్ద తింటూ దర్శన్, "బావా, ఒక్కసారి నన్నూ ఆడించుగదా, నీ ఎర్రకారు గోడలకి ముద్దులు పెడతాండాదంట, అక్క చెప్పింది" అని నవ్వాడు. మునీంద్ర ఆ నవ్వును పక్క నుంచి చూశాడు. గోడకు ఎందుకు గుద్దుకుంటోందో తెలిసినవాడే అలా నవ్వగలడు. "ఆడుదువులే" అన్నాడు. మర్నాడు కంప్యూటరుకు పాస్‌వర్డు మార్చాడు.

ఆదివారం పొద్దున సుమ వంటింటి గడపలో నిలబడి, చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ చెప్పింది.

"దర్శన్ పోతాండాడంట. జిగణిలో వాని కూడా పనిచేసేవాళ్ళ రూములో చోటుండాదంట."

"ఎప్పుడు?"

"ఈపొద్దే. అన్నం తిని మూడు గంటలకి."

"అంత తొందర ఏంటికో?"

"అది నేను మిమ్మల్ని అడగల్ల. వాణ్ణి ఏమన్నా అన్నారా?"

"నేనేమంటా? రెండు వారాల్లో వానితో నాలుగు మాటలు మాట్లాడింటే గొప్ప."

"అదే చెప్తాండా నేనూ" అంది సుమ. "మాట్లాడకుండా చూస్తారు చూడండి మీరు, ఆ చూపు కింద మూడు దినాలుంటే నేనైనా మూట కట్టుకొని పోతా."

మునీంద్రకు ఆ మాట వినబడింది కానీ లోపలికి పోలేదు. లోపల అప్పటికే ఇంకో లెక్క నడుస్తోంది. పని అయిపోయింది, వస్తువు చేతికొచ్చింది, ఇక పోతాడు. పోవడమే రుజువు. కానీ దాన్ని సుమ ముందు పెట్టలేడు. ర్యామ్ స్టిక్కుల మీద నంబర్లుంటాయి, బిల్లులోనూ ఉంటాయి. కంప్యూటరు కట్టిచ్చిన నరేశ్ చేతనే చూపించి, మూడు గంటల లోపల తిరిగొచ్చి, సంచి విప్పమనాలి. సుమ చూస్తుండగా విప్పమనాలి.

"నేనొచ్చే దాకా ఉండమను. వాణ్ణి ఒకటి అడగల్ల."

"ఏం అడగల్ల?"

"నీ ముందరే అడుగుతా."

సుమ ముఖం కొంచెం తెల్లబోయింది. మునీంద్ర తీగలు పీకి క్యాబినెట్‌ను పాత దుప్పట్లో చుట్టి, ఆటో ఎక్కాడు.

నరేశ్ దుకాణం హోసూరు రోడ్డు వారగా, బేకరీ మీది మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మీద బన్నుల వాసన. నరేశ్ పాత బెంగళూరు మనిషి. ఎదుటివాడి కంప్యూటరు కన్నా ఎదుటివాడి ముఖం ముందు చదువుతాడు.

"ఏమప్పా మునీంద్రా, జ్వరమొచ్చిన బిడ్డనెత్తుకొచ్చినట్ల దుప్పటి కప్పి తెచ్చినావే?"

"దీంట్లో ర్యామ్ మార్చేసినారు నరేశ్. బిల్లు తెచ్చినా. నంబర్లు చూడు."

"ఎవరు మార్చినారు?"

"అది తర్వాత. ముందు చూడు."

దుప్పటి తీసి నరేశ్ పక్కరేకు మీద వేలు పెట్టాడు. "ఇదేంది గురూ, దిష్టిదారమా? నిమ్మకాయ యాడ పోయింది మళ్ళీ?"

"అట్లనే అనుకో."

రేకు తెరిచేటప్పుడు దారం ఒక చివర ఊడి వేలాడింది. లోపల ఫ్యాను నడిబొడ్డున ఎండిన కుంకుమబొట్టు. నరేశ్ దానికి ఒక నమస్కారం పెట్టి, రెండు స్టిక్కులూ పీకి, కిటికీ వెలుతురుకు పట్టాడు. బిల్లు చూశాడు. స్టిక్కు చూశాడు. మళ్ళీ బిల్లు. మునీంద్ర అతని పెదవులనే చూస్తున్నాడు.

"అవే ఇవి" అన్నాడు నరేశ్.

"సరిగ్గా చూడు."

"నువ్వే చూడప్పా. ఇదో, వారంటీ చీటీ మీద నా సంతకం. అబద్ధం సంతకం చేసేటంత అందంగా ఉండాదా నా రాత?"

మునీంద్ర చూశాడు. అవే అంకెలు. అదే వంకర సంతకం. అతనికి హాయి అనిపించలేదు. చేతిలో ఉన్నదేదో ఎవరో లాక్కున్నట్టు అనిపించింది. నరేశ్‌కూ దర్శన్‌కూ ముందే పరిచయం ఉండి ఉంటుందా అన్న ఆలోచన కూడా ఒకటి వచ్చి, నిలబడటానికి చోటు లేక పోయింది.

"మరి ఇరవై ఒకటి ముప్పై మూడు ఏంటికి చూపిస్తాది? ఫ్రేములు సగం ఏంటికి పడతాయి?"

నరేశ్ క్యాబినెట్‌ను అతని వైపు తిప్పాడు. బోర్డు మీద నిలువుగా నాలుగు సన్నని గాడులు, స్లాట్లు.

"నేనేసింది రెండో స్లాటులో ఒకటి, నాలుగోదాంట్లో ఒకటి. నడుమ ఒకటి ఖాళీ. ఇప్పుడు నేను పీకింది మూడోదాంట్లో, నాలుగోదాంట్లో నుంచి. పక్కపక్కన, భుజాలు తగిలిచ్చుకొని కూచున్నాయి. ఎవరప్పా వీటికి పెండ్లి పీటలేసింది?"

"పక్కన పెడితే ఏమైతాది? పదహారు పదహారే కదా?"

"గోడౌను అంతే ఉండాది. సామాను రావల్సిన వాకిలి చిన్నదైంది" అన్నాడు నరేశ్. "చూడు. నీ దాంట్లో బొమ్మలు గీసేదానికని వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆట బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తాది, గీసేదానికి సామానంతా ఈ ర్యామ్‌లో నుంచే తెచ్చుకుంటాది. తెచ్చుకునే దార్లు రెండు. మొదటి రెండు స్లాట్లు ఒక దారి, చివరి రెండు ఇంకో దారి. దారికొకటి పెడితే రెండు పక్కలా బండ్లొస్తాయి. ఇక్కడ రెండూ ఒకే దారిలో పెట్టినారు. సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర రెండు రోడ్లని ఒక రోడ్డులోకి తోస్తే ఏమైతాదో నేను చెప్పల్లా నీకు?"

"వేగం తగ్గింది?"

"స్టిక్కులు తీసి చోటు మార్చి పెడితే బోర్డు గాబరాపడి వేగాన్ని మామూలుకి దించేసింటాది. మూడువేల రెండు వందలని మళ్ళీ మనమే సెట్టింగులో చెప్పల్ల. పదహారు తీసి ముప్పై రెండు జీబీ వేసుకుంటే సరిపోతాదా అని వస్తారు జనం. ఊరికే! ర్యామ్ చాలకుంటే ఆట నిల్చి నిల్చి నడుస్తాది, అది వేరే రోగం. నీకు పదహారు చాలు. ఉండేదాన్ని సరిగ్గా కూచోబెట్టుకుంటే చాలు."

"వీటిని తీసి పెట్టింది ఎవరని తెలుస్తాదా?" మునీంద్ర గొంతులో ఇంకా ఆశ ఉంది.

నరేశ్ స్టిక్కును ముక్కు దగ్గర పెట్టుకుని, బంగారు రంగు అంచులను చూపించాడు. "రబ్బరుతో తుడిచినారు ఎవరో. పొట్టు ఇంకా అంటుకొని ఉండాది. శుభ్రంగానే చేసినారు పాపం. ఆయుధపూజకి నువ్వే కడిగింటావు గదా?"

అప్పుడు మునీంద్రకు ఆయుధపూజ రోజు గుర్తుకొచ్చింది. దాన్ని అతను ఎక్కడా దాచలేదు. ఇన్నాళ్ళూ దానివైపు తిరిగి చూడలేదు, అంతే.

ముందు గదిలో నేల మీద పాత పేపరు పరుచుకుని, క్యాబినెట్ విప్పుకుని కూర్చున్నాడు. పెయింటింగు బ్రష్షుతో దుమ్ము దులిపాడు. సుమ కుంకుమ గిన్నె పట్టుకుని నిలబడి, "మిక్సీకి పెట్టినా, బైకుకి పెట్టినా, కత్తిపీటకి పెట్టినా, మీ దేవుడికి ఎంతసేపు స్నానం?" అంది. అతను రెండు స్టిక్కులూ తీసి, స్కూలు పిల్లల రబ్బరుతో అంచులు రుద్దాడు. తిరిగి పెట్టబోతూ నడుమ ఖాళీగా ఉండే స్లాటును చూశాడు.

అతని ఉద్యోగమే ఖాళీలు లేకుండా చేయడం. చొక్కా ముక్కల్ని, చేతులు, కాలర్లు, జేబులు, తెర మీద గుడ్డ వెడల్పులో ఒకదాని పక్కన ఒకటి అమర్చుతాడు. పన్నెండేళ్ళుగా అదే పని. నడుమ వేలెడు చోటు మిగిలితే మేనేజరు ప్రేమకుమారి వెనక నిలబడి, "ఈ సందు ఎవరబ్బ సొమ్మప్పా మునీంద్రా?" అంటుంది. ఆ గొంతునే అనుకరిస్తూ అతను సుమతో, "ఈ సందు ఎవరబ్బ సొమ్మప్పా?" అన్నాడు. అంటూ రెండో స్లాటులో ఉండాల్సినదాన్ని తీసుకొచ్చి నాలుగోదాంట్లో ఉన్నదాని పక్కనే, మూడోదాంట్లో పెట్టి బొటనవేలితో నొక్కాడు. టక్కుమంది. ఎంత హాయిగా టక్కుమంది! సుమ నవ్వింది. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి రెండూ. ఆ పూట దర్శన్ చింతామణిలో ఉన్నాడు.

నరేశ్ స్టిక్కుల్ని వాటి చోట్లలో పెట్టి, సెట్టింగు మార్చి, మునీంద్ర చేత పాస్‌వర్డు కొట్టించుకుని ఆట తెరిచాడు. మూలన డెబ్బై రెండు. కారు మలుపులో నూనె మీద జారినట్టు తిరిగింది.

"ఎవరు మార్చినారో చెప్పలేదు నువ్వు" అన్నాడు నరేశ్.

"ఎవరూ లేదు."

"ఎవరూ లేనివాని కోసం ఆదివారం పొద్దున పరిగెత్తుకొచ్చినావు!"

ఆటోలో క్యాబినెట్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్బై రెండు వచ్చినా ఒంట్లో ఏమీ తేలికపడలేదు. దర్శన్‌ను ఏమని అడగాలి? అడుగుతానని సుమకు చెప్పి వచ్చాడు. వాళ్ళిద్దరూ అక్కడ కూర్చుని ఎదురుచూస్తుంటారు. అప్పుడు, ఒక గుంతలో ఆటో ఎగిరి పడ్డప్పుడు, వేలాడుతున్న దారం అతని మణికట్టుకు తగిలింది. టేపు. టేపు సంగతి ఇంకా మిగిలే ఉంది. స్టిక్కులు మారకపోతేనేం, రేకు తెరిచి చూసినవాడు ఒకడున్నాడు. తీయడానికి చూసి, తీయలేకపోయి ఉండవచ్చు. కత్తెరతో కోసిన ఆ నున్నటి అంచును మునీంద్ర వేలి కొసతో తడిమాడు. మునిగేవాడు గట్టు మీది గడ్డిని పట్టుకున్నట్టు ఇంటి సందు మలుపు దాకా దాన్ని పట్టుకునే ఉన్నాడు. అది ఊడితే తను ఎంత లోతుకు దిగవలసి వస్తుందో అతనికి తెలిసినట్టే ఉంది.

రెండున్నరయింది. దర్శన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చాప చుట్టి మూలకు ఆనించి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు. సుమ వంటింటి గడపలో ఉంది. ఆమె మునీంద్ర ముఖం చూడలేదు, చేతులు చూస్తోంది.

"వచ్చినావా బావా? ఇటివ్వు, బరువు" అని దర్శన్ ఎదురొచ్చి క్యాబినెట్ ఒక పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని బల్ల మీద పెట్టారు. "ఏమో అడగల్లంటివంట. అక్క పొద్దున్నుంచి అన్నం కూడా తినలే."

మునీంద్ర నోరు తెరిచాడు. టేపు గురించిన మాట నాలుక మీదే ఉంది. నువ్వు దీన్ని విప్పినావా? మూడే మాటలు, అడగడానికి కష్టమైనవి కావు.

"అయ్యో, ఊడిపోయిందే" అన్నాడు దర్శన్, క్యాబినెట్ పక్కకు వంగి. వేలాడుతున్న దారం కొసను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "అంటించేదా బావా?"

"ఏమి?"

"దారం. మొన్న బుధవారం అక్క తడిగుడ్డ పెడతాంటే తగిలి ఊడింది. నువ్వు చూస్తే బాధపడతావని కత్తెర తెచ్చి, కొత్త టేపు కోసి నేనే అంటించినా. దారం మాత్రం నీదే, పారేయలే." దర్శన్ ఆ కొసను రేకు అంచుకు ఆనించి చూశాడు. "సరిగ్గా ముందుండిన చోటే అంటించినా గదా?"

ఆ మాటలో వెక్కిరింపు ఉందేమోనని మునీంద్ర వెతికాడు. అలవాటు కొద్దీ వెతికాడు. దర్శన్ ముఖంలో అది లేదు. దారం ఎందుకు పెట్టారో తెలియని అమాయకత్వమూ లేదు. అది ఎవరి కోసం పెట్టిందో తెలిసి, తెలిసే మళ్ళీ అంటించిన మనిషి ముఖం అది. గడపలో సుమ తల తిప్పుకుంది. బయట సందులో ఎవరో బైకు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

"టేపు యాడుండాది అక్కా?" అని దర్శన్ అటు తిరిగాడు.

"వద్దు" అన్నాడు మునీంద్ర.

దర్శన్ వేళ్ళలో నుంచి దారం కొసను తీసుకున్నాడు. రెండో చివర ఇంకా గట్టిగా అంటుకునే ఉంది. అతను బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నున్నగా కోసిన ఆ టేపు అంచు కిందికి గోరు దూర్చి, వాళ్ళిద్దరూ చూస్తుండగా, మెల్లగా, పూర్తిగా ఊడదీశాడు.